ఆగస్టు 31: రిబ్బన్‌కు ముందు ఆగిపోయిన బిల్లు

మత్తుమందు మోతాదు మించి (ఓవర్‌డోస్) పోయినవారి కోసం ప్రభుత్వమే ఒక రోజును పాటిస్తే మత్తుమందులకు ఆమోదముద్ర వేసినట్టు కాదా అన్న ప్రశ్న, అంతర్జాతీయ ఓవర్‌డోస్ అవగాహన దినమైన ఆగస్టు 31 దగ్గర పడితే మళ్లీ పైకి వస్తుంది. మన ఊళ్లలో పిల్లలు ప్లకార్డులు పట్టుకుని ర్యాలీ తీసే జూన్ 26తో దీన్ని కలిపి చూడడం వల్లనే ఈ సందేహం. ఐక్యరాజ్యసమితి 1987లో నిర్ణయించిన ఆ దినం మాదకద్రవ్యాల మీద పోరుకు ఉద్దేశించినది. ఆగస్టు 31 మాత్రం పోయినవారిని తలచుకోవడానికి పుట్టింది.

అది పుట్టిన చోటు ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్, సంవత్సరం 2001. అసలు మలుపు అంతకు ఏడాది ముందే వచ్చింది. ఆ దేశంలో 1999 నాటికి హెరాయిన్ తదితర మత్తుమందుల మరణాలు ఏడాదికి వెయ్యి దాటగా, ప్రాణం మీదికొస్తే వెంటనే కాపాడేలా, సిబ్బంది కళ్లెదుటే మత్తు సూది వేసుకునే గదులను ప్రయోగాత్మకంగా తెరవాలని విక్టోరియా రాష్ట్ర లేబర్ ప్రభుత్వం సంకల్పించింది; ఎగువ సభలో బలమున్న ప్రతిపక్షం 2000లో ఒప్పుకోకపోవడంతో ఆ బిల్లు అక్కడే ఆగింది. 2001 మేలో సిడ్నీలో అలాంటి గది తెరుచుకుంది. మెల్‌బోర్న్‌కు దక్కలేదు.

ఆ ఆగస్టులోనే, మెల్‌బోర్న్‌లోని సెయింట్ కిల్డా ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ తరఫున శుభ్రమైన సిరంజీలు అందించే కేంద్రాన్ని నడుపుతున్న సాలీ ఫిన్, బిడ్డ ఎలా పోయాడో బంధువులకు చెప్పుకోలేక కుమిలిపోతున్న కుటుంబాలను చూసి, అడిగినవారికల్లా రిబ్బన్ ఇవ్వాలని తలపెట్టారు. ఎవరి కోసం పెట్టుకున్నారో చెప్పనక్కర లేదు. ఎవరినీ పోగొట్టుకోనివారూ పెట్టుకోవచ్చు. పరువుకు జడిసి దాచుకున్న దుఃఖానికి అంతకన్నా మర్యాదైన దారి ఏముంటుంది? 2012 నుంచి పెనింగ్టన్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆస్ట్రేలియా ప్రజారోగ్య సంస్థ నిర్వహణలో ఆ దినం అనేక దేశాలకు పాకింది.

ఇలాంటి గుర్తింపు వాడకాన్ని మామూలు విషయం చేస్తుందని, గదులొస్తే వీధులు పాడవుతాయని వీటిని వ్యతిరేకించేవారు అంటారు. 2018లో మెల్‌బోర్న్‌లోని నార్త్ రిచ్‌మండ్‌లో బడి పక్కనే గది తెరిచినప్పుడు తల్లిదండ్రులు పడ్డ ఆందోళనను కొట్టిపారేయలేం. అయినా 2023లో దాన్ని శాశ్వతం చేసిన ప్రభుత్వమే, నగరం నడిబొడ్డున తెరుస్తామన్న రెండో గదిని 2024 ఏప్రిల్‌లో విరమించుకుంది. ఓవర్‌డోస్‌లో ఆగిపోతున్న ఊపిరిని నిలబెట్టే నలాక్సోన్ అనే మందు మాత్రం 2022 జూలై నుంచి ఆ దేశమంతటా డాక్టరు చీటీ లేకుండా, ఉచితంగా దొరుకుతోంది.