డిస్క్‌కాపీకి లొంగని ఫ్లాపీలు: అపోహలు - వాస్తవాలు

పాత 5.25 అంగుళాల ఫ్లాపీల్లోని డేటాను బయటికి తీసిపెట్టడం నా పని. ఎవరు ఫ్లాపీల డబ్బా పట్టుకొచ్చినా ఈ మాటల్లో ఏదో ఒకటి అంటారు.

అపోహ: బ్యాడ్ సెక్టార్ (చదవలేని భాగం) అని చూపిస్తే ఫ్లాపీ పోయినట్టే.

వాస్తవం: నిజంగానే పోయినవీ ఉంటాయి, తేమకి బూజు పట్టినవి చాలా చూశాను. కానీ 1980లలో కొన్న ఒరిజినల్ ప్రోగ్రామ్ ఫ్లాపీ అయితే ఆ లోపం ఎవరూ కాపీ కొట్టకుండా కంపెనీ కావాలని పెట్టింది కావచ్చు. 360 కేబీ ఫ్లాపీలో అప్పటి పీసీల ఆపరేటింగ్ సిస్టమ్ డాస్‌కి తెలిసిన లెక్క ట్రాక్‌కి (ఫ్లాపీ మీది ఒక్కో వలయానికి) 9 సెక్టార్లు (ముక్కలు), సెక్టార్‌కి 512 బైట్లు. ఏదో ఒక ట్రాక్‌ని ఈ లెక్కకి అందకుండా ఫార్మాట్ చేస్తే ఫ్లాపీని కాపీ చేసే డాస్ కమాండ్ డిస్క్‌కాపీ అక్కడే చతికిలపడేది.

నాకు బాగా నచ్చే ఎత్తు వీక్ బిట్స్. ఒక చిన్న చోట ఒకటో సున్నానో తేలకుండా అస్పష్టంగా రాస్తారు. ప్రోగ్రామ్ ఆ చోటును రెండు మూడుసార్లు చదువుతుంది. చదివిన ప్రతిసారీ అంకెలు మారితే ఒరిజినల్. కాపీ చేస్తే ఆ క్షణంలో దొరికిన అంకెలే ఖాయమైపోతాయి, ఇక ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు. మాట మార్చనివాడే దొంగ అన్నమాట! ప్రోలాక్ అనే కాపీ ప్రొటెక్షన్ వాళ్లయితే ఫ్లాపీ మీద చెరగని మచ్చే పెట్టేశారు.

అపోహ: ఎంఎస్-డాస్ నడిచే మెషిన్లో అన్ని డాస్ ప్రోగ్రాములూ నడుస్తాయి.

వాస్తవం: ట్యాండీ 2000 డాస్ మెషినే. 80186 ప్రాసెసర్‌తో ఐబీఎం పీసీని వేగంలో దాటేసింది. అయినా ఐబీఎం పీసీ కోసం చేసిన ప్రోగ్రాములు చాలావరకు అందులో నడవలేదు. 1983 జనవరిలో వచ్చిన లోటస్ 1-2-3 అనే స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రామ్ స్పీడ్ కోసం డాస్‌ని అడక్కుండా నేరుగా వీడియో మెమరీలోకే (తెర మీద కనిపించేది ఉండే చోటుకే) రాసేది. ఆ మెమరీ ఐబీఎం పెట్టిన చోట లేకపోతే అంతే సంగతులు. అందుకే ఐబీఎం పీసీకి కాంపాటిబుల్ అని ఎవరైనా అంటే లోటస్, ఫ్లైట్ సిమ్యులేటర్ గేమ్ వేసి చూసేవాళ్లు.

అపోహ: పాత పీసీల మీదుండే టర్బో బటన్ స్పీడ్ పెంచడానికి.

వాస్తవం: అసలు అవసరం తగ్గించడానికే. ఐబీఎం పీసీ వేగమైన 4.77 మెగాహెర్ట్జ్‌ని నమ్ముకుని రాసిన గేములు వేగమైన మెషిన్లో ఆడలేనంత పరిగెత్తేవి. టైమింగ్ చూసే కాపీ ప్రొటెక్షన్లదీ అదే గోల. డబ్బు పెట్టి కొన్నవాడి ఫ్లాపీనే దొంగదనేవి. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అపోహ: 1.2 ఎంబీ డ్రైవ్‌లో 360 కేబీ ఫ్లాపీ చదవగలిగితే రాయనూవచ్చు.

వాస్తవం: చదవడం వరకే. దాని హెడ్ సన్నం. పాత రాతను పూర్తిగా చెరపకుండా మధ్యలో సన్నగా రాస్తుంది. తిరిగి 360 డ్రైవ్‌లో పెడితే రెండు రాతలూ కలిసిపోతాయి. కొత్తలో ఒకరి ఖాతాల ఫ్లాపీని ఇలాగే పాడుచేసి రెండు రోజులు టెన్షన్ పడ్డాను. ఇప్పుడు ఫ్లాపీ చేతికి రాగానే దాని మీద ఏమీ రాయబడకుండా పక్కనున్న గాటుకి టేపు అంటిస్తాను, ఆ తర్వాతే గ్రీజ్‌వీజల్ అనే పరికరంతో ఫ్లక్స్ ఇమేజ్ (ఫ్లాపీ మీది అయస్కాంత సంకేతాల నకలు) తీస్తాను.