ఐర్లాండ్‌లో బ్రిజిడ్ పండగ: ఇంటి చూరు నుంచి ప్రభుత్వ సెలవు దాకా

ఐర్లాండ్ పండగ అనగానే అందరికీ గుర్తొచ్చేది సెయింట్ పాట్రిక్స్ డే. పాట్రిక్ పేరు మీద అక్కడ 1903లోనే సెలవు ఇచ్చారు. ఆయనలాగే ఆ దేశానికి పాలక పునీతురాలు, అంటే దేశాన్ని కాపాడుతుందని క్రైస్తవులు నమ్మే సాధ్వి అయిన బ్రిజిడ్ పేరు మీద సెలవు మాత్రం 2023లో గానీ రాలేదు. ఒక స్త్రీ పేరుతో అక్కడ ప్రభుత్వ సెలవు రావడం అదే మొదటిసారి. నూట ఇరవై ఏళ్ల ఆలస్యం, నాకైతే ఇది అన్యాయంగానే అనిపిస్తుంది.

బ్రిజిడ్ పండగ ఫిబ్రవరి 1న. ఆ రోజుకున్న ప్రాముఖ్యం క్రైస్తవం కంటే పాతది. పాత ఐరిష్ లెక్కలో అది ఇంబోల్క్, అంటే వసంతం మొదలు. బయట చలి ఇంకా వణికిస్తూనే ఉంటుంది, కానీ గొర్రెలు ఈనడం మొదలై, శీతాకాలమంతా కరువైన పాలు మళ్లీ ఇంట్లోకి వస్తాయి. బ్రిజిడ్ కథల్లో ఆవులు, పాలు, వెన్న అన్నిసార్లు కనిపించేది అందుకేనేమో.

ఇంతకీ ఈ బ్రిజిడ్ ఎవరు? 650 ప్రాంతంలో కోగిటోసస్ అనే సన్యాసి, ఐర్లాండ్‌లోని కిల్డేర్ అనే ఊళ్లో మఠం స్థాపించిన బ్రిజిడ్ చరిత్రను లాటిన్‌లో రాశాడు. 900 ప్రాంతంలో వచ్చిన కోర్మాక్ నిఘంటువు అనే పాత ఐరిష్ పదకోశమేమో బ్రిజిడ్ అంటే కవులు కొలిచే దేవత అని, అదే పేరున్న ఆమె తోబుట్టువులిద్దరు వైద్యానికీ కమ్మరి పనికీ దేవతలని చెబుతుంది. దేవతే పునీతురాలిగా మారిందా, లేక నిజంగా ఉన్న ఒక మనిషి చుట్టూ దేవత కథలు అల్లుకున్నాయా అన్నది పండితులు ఇప్పటికీ తేల్చలేదు. 12వ శతాబ్దంలో జెరాల్డ్ ఆఫ్ వేల్స్ అనే రచయిత రాసింది చదివితే రెండూ కలిసిపోయినట్టే ఉంటుంది: కిల్డేర్‌లో ఆరని మంట ఒకటి ఉండేదట, 19 మంది సన్యాసినులు రాత్రికొకరు చొప్పున దాన్ని కాచేవారట, 20వ రాత్రి మాత్రం కట్టెలు పక్కన పేర్చి, ఇక నీ మంట నువ్వే చూసుకోమని బ్రిజిడ్‌కే అప్పజెప్పి వెళ్లేవారట. చుట్టూ ఉన్న కంచె దాటి మగవాళ్లు లోపలికి రాకూడదు. బ్రిజిడ్ పేరుతో ఉన్న సన్యాసినుల సంఘం బ్రిజిడైన్ సిస్టర్స్ 1993లో కిల్డేర్‌లో ఆ మంటను మళ్లీ వెలిగించారు.

నా ఉద్దేశంలో ఈ పండగను ఇన్నాళ్లు బతికించింది మాత్రం పల్లెటూరి ఇళ్లే. జనవరి 31 సాయంత్రం చిత్తడి నేలల్లో పెరిగే తుంగలాంటి గడ్డిని, కొడవలితో కోయకుండా చేత్తోనే పీక్కొచ్చి, బ్రిజిడ్ శిలువ అల్లుతారు. ఒక కాడను నిలువుగా పట్టుకుని ఇంకో కాడను దాని మీదుగా మడుస్తారు, కొంచెం తిప్పి మళ్లీ ఒకటి మడుస్తారు, అలా మధ్యలో చదరం పెరుగుతూ నాలుగు వైపులా రెక్కలొస్తాయి, వాటి చివర్లు కట్టేస్తారు. దాన్ని చూరులోనో గుమ్మం పైనో దోపితే ఇల్లు నిప్పంటుకోదని నమ్మకం. ఆ రాత్రే ఒక గుడ్డ ముక్కను ఆరుబయట ఉంచుతారు, బ్రిజిడ్ అటుగా వెళ్తూ దాన్ని ఆశీర్వదిస్తుందని. తలనొప్పి వస్తే అదే తలకు చుట్టుకునేవారు. ఐర్లాండ్‌లోని కెర్రీ ప్రాంతంలో గడ్డి టోపీలతో ముఖాలు కప్పుకుని పాటలతో ఇల్లిల్లూ తిరిగే బిడ్డీ (బ్రిజిడ్‌కు ముద్దుపేరు) బృందాలు ఇప్పటికీ ఉన్నాయి.

హెర్‌స్టోరీ అనే సంస్థ కొన్నేళ్లు పట్టుబట్టి ప్రచారం చేశాక 2022 జనవరిలో ప్రభుత్వం సెలవు ప్రకటించింది. మొదటి సెలవు 2023 ఫిబ్రవరి 6న వచ్చింది. మామూలుగా ఫిబ్రవరిలో మొదటి సోమవారం ఇస్తారు, 1వ తేదీ శుక్రవారం పడితే మాత్రం ఆ రోజే. అలా మొదటిసారి కుదిరేది 2030లో.