ఎవరిని కదలకుండా నిలబెట్టాలి?

పోటీ పరీక్షకి తయారవుతున్న ఒక పాఠకురాలు అడిగారు: "రైళ్ళ లెక్కలకి ఒక పట్టిక, పడవల లెక్కలకి ఒక పట్టిక, పరుగుపందేలకి ఒకటి, గడియారం ముళ్ళకి మరొకటి. ఫార్ములాలన్నీ బట్టీ పట్టాను. తీరా పరీక్షలో కూర్చుంటే ఏ లెక్కకి ఏది వాడాలో తోచడం లేదు. ఏం చెయ్యాలి?"

పట్టికలు పక్కన పెట్టండి. లెక్క చదవగానే ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇందులో ఎవరిని కదలకుండా నిలబెడితే మిగతా గొడవ తగ్గుతుంది? ఈ వ్యాసం పొడుగునా నేను చెప్పబోయేది ఈ ఒక్కటే. వేగాన్ని కాలంతో గుణిస్తే దూరం వస్తుందనీ, గంటకి 18 కిలోమీటర్లంటే సెకనుకి 5 మీటర్లనీ తెలిస్తే చాలు. మిగతా ప్రాథమికాంశాలు ఏ పుస్తకంలోనైనా ఉంటాయి, ఏ పుస్తకంలో చదివినా ఒకేలా విసుగు పుట్టిస్తాయి.

పాత లెక్కే ఒకటి చూద్దాం. ఒకతను ఏటికి ఎదురు పడవ వేసుకుపోతున్నాడు. వంతెన కిందికి వచ్చేసరికి టోపీ నీళ్ళలో పడింది. అతను చూసుకోలేదు. 15 నిమిషాలు అలాగే తెడ్డు వేసుకుంటూ పోయాక తల తడుముకున్నాడు. గిరుక్కున పడవ తిప్పి, అదే జోరుతో తెడ్డు వేస్తూ వచ్చి, వంతెనకి 1.5 కిలోమీటర్ల దిగువన టోపీని అందుకున్నాడు. ఏటి ప్రవాహం వేగమెంత?

చాలామంది వెంటనే పడవ వేగం 'ప', ప్రవాహ వేగం 'న' అని రాసేస్తారు. ఎదురు వెళ్ళిన దూరం (ప − న)/4. తిరిగి వచ్చిన దూరం దానికి 1.5 కలిపితే వచ్చేది. ఆ వేగం (ప + న). టోపీ కొట్టుకుపోయిన కాలం 1.5/న. సమీకరణం తయారవుతుంది, అడ్డ గుణకారాలవుతాయి, అర పేజీ నిండుతుంది. చివరికి 'ప' అంతా కొట్టుడుపోయి, న = 3 అని తేలుతుంది. జవాబు సరైనదే. కానీ పడవ వేగం చెప్పకుండానే లెక్క ఎలా తేలింది? అలా కొట్టుడుపోయిన అక్షరం ఎప్పుడూ ఏదో సూచిస్తూనే ఉంటుంది: అది అసలు లెక్కలోకి రానక్కర్లేదని.

ఆ టోపీ మీద ఒక తూనీగ వాలి ఉందనుకోండి. దాని చుట్టూ ఉన్న నీళ్ళు దానికి కదలవు, టోపీతోపాటే ఉంటాయి. పడవవాడు ఆ నిలకడ నీటిలో 15 నిమిషాలు దూరంగా వెళ్ళాడు, అదే జోరుతో వెనక్కి వచ్చాడు. వెళ్ళడానికి 15 నిమిషాలు పడితే రావడానికీ 15 నిమిషాలే. అంతా కలిపి అరగంట. ఆ అరగంటలో తూనీగ చూపుకి వంతెనే 1.5 కిలోమీటర్లు అవతలికి జరిగిపోయింది. అంటే గంటకి 3 కిలోమీటర్లు. కాగితం అక్కర్లేదు.

ఇందులో మాయ లేదు, భౌతికశాస్త్రం ఉంది. 1632లో అచ్చయిన పుస్తకంలో గెలీలియో ఓడ లోపలి గది గురించి రాశాడు. ఓడ కుదుపు లేకుండా ఒకే వేగంతో సాగుతుంటే, తలుపులు మూసిన గదిలో ఎగిరే సీతాకోకచిలుకలకీ, సీసాలోంచి రాలే నీటిబొట్లకీ ఓడ కదులుతోందో ఆగి ఉందో తెలియదు. లోపల ఏ పరీక్ష చేసినా తేడా కనబడదు. కాబట్టి స్థిరమైన వేగంతో సాగేవాళ్ళలో ఎవరిని 'ఆగి ఉన్నవాడు' అన్నా ప్రకృతికి అభ్యంతరం లేదు. పరీక్షలో మనకీ ఉండకూడదు.

రెండు జాగ్రత్తలు మాత్రం ఉన్నాయి. వేగం మార్చుకునేవాడి మీద కూర్చోకూడదు. టోపీ లెక్కలో పడవ మధ్యలో వెనక్కి తిరిగింది కాబట్టి అది పనికిరాదు, టోపీ పనికొస్తుంది. రెండోది, ఎక్కడ కూర్చున్నారో అక్కడి నుంచే అన్నిటినీ కొలవాలి. టోపీ మీద కూర్చుని వంతెన ఆగి ఉందనుకుంటే లెక్క చెడుతుంది. సూత్రం తెలిసిన విద్యార్థులు తప్పు చేసేది నూటికి తొంభైపాళ్ళు ఇక్కడేనని నా అభిప్రాయం. సగం లెక్క గట్టు మీద నిలబడి, సగం పడవలో కూర్చుని చేస్తారు.

ఇక రైళ్ళు. 150 మీటర్ల రైలు గంటకి 54 కిలోమీటర్ల వేగంతో వెళ్తోంది, 100 మీటర్ల రైలు పక్క పట్టాల మీద గంటకి 36 కిలోమీటర్ల వేగంతో ఎదురొస్తోంది. ఒకదాన్నొకటి దాటడానికి ఎంతసేపు? మొదటి రైలుని నిలబెట్టేయండి. రెండోది 90 కిలోమీటర్లతో, అంటే సెకనుకి 25 మీటర్లతో వస్తుంది. ముక్కులు కలిసిన క్షణం నుంచి తోకలు విడిపోయే క్షణం దాకా అది 250 మీటర్లు పోవాలి. 10 సెకన్లు. ఒకే దిశలో పోతుంటే తేడా 18 కిలోమీటర్లే, సెకనుకి 5 మీటర్లు, కాబట్టి 50 సెకన్లు.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. మొదటి రైల్లో కిటికీ పక్కన కూర్చున్న మనిషికి ఎదురు రైలు ఎంతసేపు కనబడుతుంది? అతనికి నిడివి లేదు, కాబట్టి 100 మీటర్లే: 4 సెకన్లు. రెండో రైల్లో కిటికీ పక్కన కూర్చున్నవాడికి 150 మీటర్లు: 6 సెకన్లు. ఈ రెండూ కలిపితే రైళ్ళు దాటుకున్న 10 సెకన్లు! పరీక్షల గైడ్లలో ఈ మూడింటినీ మూడు వేరు వేరు 'రకాలు'గా నేర్పుతారు, మూడు ఫార్ములాలు ఇస్తారు. బోధన పేరుతో జరిగే ఈ ముక్కలు చెయ్యడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. రైలు స్తంభాన్ని దాటే లెక్కా, ప్లాట్‌ఫారాన్ని దాటే లెక్కా కూడా ఇంతే: స్తంభానికి నిడివి లేదు, ప్లాట్‌ఫారానికి ఉంది, అంతకు మించి వాటి మధ్య తేడా లేదు.

గుండ్రటి దారికి కూడా ఇదే చిట్కా. గడియారంలో నిమిషాల ముల్లు నిమిషానికి 6 డిగ్రీలు తిరుగుతుంది, గంటల ముల్లు అర డిగ్రీ. గంటల ముల్లుని నిలబెట్టేస్తే రెండోది 5.5 డిగ్రీల చొప్పున తిరుగుతుంది. ఒక చుట్టు 360 డిగ్రీలు, భాగిస్తే 65 నిమిషాలు, పైన 5/11. పన్నెండు గంటల్లో ముళ్ళు పదకొండుసార్లే కలుస్తాయన్నమాట.

ముళ్ళ బదులు గ్రహాల్ని పెట్టండి. భూమి సూర్యుణ్ణి 365.25 రోజుల్లో చుట్టి వస్తుంది, అంగారకుడు దాదాపు 687 రోజుల్లో. రోజుకి డిగ్రీల్లో చూస్తే భూమిది 0.9856, అంగారకుడిది 0.5240. తేడా 0.4616. 360ని దానితో భాగిస్తే 780 రోజులు. సుమారు ఇన్ని రోజులకోసారి భూమి అంగారకుణ్ణి దాటిపోతుంది. వ్యోమనౌకల్ని అంగారకుడి వైపు పంపడానికి అనువైన సమయం 26 నెలలకోసారి వస్తుందని వార్తల్లో చదువుతాం కదా, ఆ 26 నెలలు ఈ భాగహారంలోవే.

నిజానికి ఈ లెక్క పుట్టిందే ఆకాశంలో. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయం గణితపాదంలో ఒక శ్లోకం ఉంది. రెండు గ్రహాలు ఎదురెదురుగా వస్తుంటే వాటి మధ్య దూరాన్ని వేగాల మొత్తంతో భాగించమనీ, ఒకే దిశలో పోతుంటే వేగాల తేడాతో భాగించమనీ ఆర్యభటుడు అందులో చెప్పాడు. వచ్చేది అవి కలవబోయే కాలం కావచ్చు, కలిసి విడిపోయిన కాలమూ కావచ్చు అన్నాడు. ఈ చివరి మాట విద్యార్థులు పట్టించుకోరు. లెక్కలో కాలం రుణసంఖ్యగా వస్తే హడావుడిగా కొట్టేస్తారు. 'ఇద్దరూ ఇప్పటికే కలిసేశారు' అని దాని అర్థం. ముందున్నవాడి వేగం ఎక్కువైనప్పుడు వెనకవాడు ఎప్పుడు అందుకుంటాడని అడిగితే వచ్చేది ఇదే.

దాటిపోవడం గురించి మరో మాట. మనం ఎక్కిన రైలు పక్క రైలుని దాటుతున్నప్పుడు అది వెనక్కి పోతున్నట్టు అనిపిస్తుంది. భూమి సెకనుకి దాదాపు 30 కిలోమీటర్లతో పోతూ, 24 కిలోమీటర్లతో పోతున్న అంగారకుణ్ణి దాటేటప్పుడు కూడా అంతే. రెండు నెలలకి పైగా నక్షత్రాల మధ్య ఆ ఎర్రచుక్క వెనక్కి నడుస్తున్నట్టు కనబడుతుంది. వక్రగతి అని పేరు పెట్టి, దాని వల్ల పనులు చెడతాయని జాతకాలు చెప్పేవాళ్ళు భయపెడతారు. వక్రించింది ఏమీ లేదు, మనం దాన్ని దాటాం, అంతే.

ఈ చిట్కాకి లొంగని లెక్క ఒకటుంది: సగటు వేగం. వెళ్ళేటప్పుడు గంటకి 60 కిలోమీటర్లు, అదే దారిన వచ్చేటప్పుడు 30. సగటు 45 కాదు, 40. నెమ్మదిగా పోయిన దారి మీద రెట్టింపు సేపు ఉన్నాం కాబట్టి దాని బరువే ఎక్కువ. ఇచ్చిన జవాబుల్లో 45, అంతకన్నా పెద్దవి ఉంటే చదవకుండానే కొట్టెయ్యవచ్చు. సరి దూరాల సగటు ఎప్పుడూ నెమ్మది వేగం వైపే ఒరుగుతుంది. మనస్తత్వవేత్త మాక్స్ వర్తైమర్ ఇలాంటిదే ఒకటి ఐన్‌స్టైన్‌కి పంపాడు. పాత కారు ఒక మైలు కొండ ఎక్కింది, గంటకి 15 మైళ్ళ వేగంతో. తర్వాతి మైలు దిగుడు. మొత్తం సగటు 30 కావాలంటే ఎంత వేగంతో దిగాలి? రెండు మైళ్ళకి 30 మైళ్ళ లెక్కన 4 నిమిషాలు. ఎక్కడానికే ఆ 4 నిమిషాలూ అయిపోయాయి. దిగడానికి సమయమే మిగల్లేదన్న సంగతి లెక్క వేసేదాకా తనకి తట్టలేదని ఐన్‌స్టైన్ జవాబు రాశాడు.

పడవల లెక్కల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనదాన్ని చివరికి దాచాను. నది వెడల్పు 4 కిలోమీటర్లు, ప్రవాహం గంటకి 3 కిలోమీటర్లు, రెండు పడవలూ నిలకడ నీటిలో గంటకి 5 కిలోమీటర్లు పోగలవు. ఒకటి సూటిగా అవతలి గట్టుకి వెళ్ళి రావాలి. రెండోది గట్టు వెంట 4 కిలోమీటర్లు దిగువకి పోయి రావాలి. దూరాలు సమానం. ముందు ఎవరొస్తారు?

అడ్డంగా పోయేవాడు కొట్టుకుపోకుండా పడవ ముక్కుని కొంచెం ఎగువకి తిప్పాలి. 5 కర్ణం, 3 ఒక భుజం, కాబట్టి గట్టు వైపు మిగిలే వేగం 4. రానూపోనూ 2 గంటలు. రెండోవాడు వాలుకి 8 వేగంతో అరగంటలో పోతాడు, ఎదురు 2 వేగంతో 2 గంటల్లో వస్తాడు. మొత్తం 2.5 గంటలు. వాలు ఇచ్చిన లాభాన్ని ఎదురు మింగేసి, పైన ఇంకొంత కూడా తినేసింది, సగటు వేగం లెక్కలో లాగే. ఇద్దరి కాలాల నిష్పత్తి 1/√(1 − 9/25), అంటే 5/4. సరిచూసుకోవాలంటే ప్రవాహం సున్నా అనుకోండి: నిష్పత్తి 1 అవుతుంది. అవ్వాలి కూడా. ఏ ఫార్ములానైనా ఇలా ఒకసారి సున్నా పెట్టి చూస్తే తప్పుగా గుర్తున్నది చాలావరకు అక్కడే దొరికిపోతుంది.

1887లో అమెరికన్ శాస్త్రవేత్తలు మైకెల్‌సన్, మార్లీ చేసిన ప్రయోగం అచ్చంగా ఈ లెక్కే. పడవల స్థానంలో కాంతి, నది స్థానంలో విశ్వమంతా నిండి ఉందని అప్పట్లో నమ్మిన ఈథర్. భూమి సెకనుకి 30 కిలోమీటర్లతో పోతోంది కాబట్టి ఈథర్ మనకి ఎదురు ప్రవహిస్తున్నట్టే. కాంతి వేగం 3,00,000 కిలోమీటర్లు. రెండు కిరణాల కాలాల్లో తేడా 20 కోట్లలో ఒక వంతు రావాలి. అద్దాల మధ్య అటూ ఇటూ తిప్పి దారిని 11 మీటర్లకి పెంచి, మొత్తం పరికరాన్ని పాదరసం మీద తేల్చి తిప్పారు. రెండు కిరణాలూ కలిసినచోట ఏర్పడే కాంతి చారలు, చారకీ చారకీ మధ్య దూరంలో 0.4 వంతు జరగాలని లెక్క. అందులో ఇరవయ్యో వంతు కూడా జరగలేదు. పడవల ఫార్ములా కాంతి దగ్గర పని చెయ్యలేదు.

అది అంతకు ముందే, 1851లోనే, మరో రకంగా తడబడింది. ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్త ఫిజో పారే నీటిలోంచి కాంతిని పంపి చూశాడు. వాలు పడవ లెక్క ప్రకారం నీటి వేగమంతా కాంతి వేగానికి కలవాలి. కలిసింది సగం కన్నా తక్కువ. ఎందుకో 1905లో ఐన్‌స్టైన్ ఇచ్చిన సూత్రంతో తేలింది: రెండు వేగాల్ని కూడి, ఆ మొత్తాన్ని 1 + (వేగాల లబ్ధం ÷ కాంతి వేగపు వర్గం)తో భాగించాలి. మన రైళ్ళకి ఇది వేస్తే సెకనుకి 15, 10 మీటర్లు కాబట్టి ఆ భిన్నం 150ని 9 × 10¹⁶తో భాగించినంత. దాటుకునే 10 సెకన్లలో పోయే దూరంలో తేడా ఒక పరమాణువు వ్యాసంలో వందో వంతు కూడా రాదు. పరీక్షలో హాయిగా కూడుకోండి. కాంతికి అలా కుదరదు. నీటిలో కాంతి వేగం క/వ అనుకుందాం; 'క' శూన్యంలో దాని వేగం, 'వ' నీటి వక్రీభవన గుణకం, అంటే నీటిలో కాంతి ఎన్నోవంతు వేగానికి తగ్గుతుందో చెప్పే సంఖ్య. దానికి నీటి వేగం 'న'ని ఈ కొత్త పద్ధతిలో కూడి, మరీ చిన్న పదాల్ని వదిలేస్తే, క/వకి అదనంగా చేరేది న × (1 − 1/వ²). 1907లో జర్మన్ భౌతికశాస్త్రవేత్త మాక్స్ ఫాన్ లావ్ చేసి చూపిన లెక్క ఇదే. 'వ' 1.33 వేసి చూడండి: 0.43 వస్తుంది, ఫిజో కొలిచినది ఇంచుమించు అదే.