హైకూ వెనుక వెయ్యేళ్ల ఋతువులు

జపాన్ హైకూ అనగానే ముందుగా గుర్తొచ్చేది దాని కొలత: 5, 7, 5 చొప్పున 17 మాత్రలు. ఇంత చిన్న పద్యం ఒక వానాకాలపు సాయంత్రాన్ని మొత్తంగా కళ్లకు కట్టించడం క్లుప్తత మహిమేనని సాధారణంగా చెబుతుంటారు. క్లుప్తతే కారణమైతే మన సామెతలన్నీ హైకూలు కావాలి. అసలు బలం పద్యానికి బయట, తరతరాలుగా పోగుపడిన ఋతు సంకేతాల్లో ఉంది.

ఆ సంకేతాలకు స్థిరమైన క్రమం చక్రవర్తి ఆజ్ఞపై 905 ప్రాంతంలో రూపొందిన 'కొకిన్‌షూ' సంకలనంలో కనిపిస్తుంది. 31 మాత్రల వాకా పద్యాలను 20 భాగాలుగా కూర్చిన కి నో త్సురయుకి తదితరులు మొదటి ఆరు భాగాలను ఋతువులకే కేటాయించి, వసంతానికీ శరత్తుకూ రెండేసి, వేసవికీ చలికాలానికీ ఒక్కొక్కటి ఇచ్చారు. కాలక్రమంలో విశేషణం లేని 'పువ్వు' చెర్రీ పువ్వుగా, 'చంద్రుడు' శరత్కాలపు చంద్రుడిగా స్థిరపడ్డాయి. ఆ తర్వాత పలువురు కవులు కలిసి కూర్చుని అల్లే రెంగా గోష్ఠుల్లో, హొక్కు అనే తొలి పద్యం ఆ రోజు నడుస్తున్న ఋతువును తప్పనిసరిగా సూచించాలన్న నియమం ఏర్పడింది. తర్వాతి కాలంలో విడిపోయి హైకూగా నిలిచింది ఈ హొక్కే.

నియమాన్ని పాటిస్తూనే దాన్ని తిరగేయడం ఎలాగో 1686లో బషో అనే కవి ఒక కప్ప పద్యంతో చూపించాడు. వసంతానికి గుర్తైన కప్పను సంప్రదాయ కవులు దాని గొంతు కోసమే కీర్తించారు. యమబుకి అనే పసుపు పూలతో దానిని జతచేసేవారు. బషో కప్ప చేత పాడించలేదు, నీళ్లలోకి దూకించాడు. ఆ పద్యానికి తొలి పాదంగా యమబుకి పూలను పెడితే బాగుంటుందని కికాకు అనే శిష్యుడు సూచించగా, ఆయన పాత కొలనునే ఎంచుకున్నాడని మరో శిష్యుడు షికో రాశాడు. కప్ప పాట కోసం, పూల కోసం ఎదురుచూసే పాఠకుడికి నీటి చప్పుడు మాత్రమే వినిపించడంలోనే ఆ పద్యం పదును ఉంది. ఆ ఎదురుచూపు తెలియకుండా అనువాదంలో చదివేవారికి ఇందులో సగమే అందుతుందని నా అభిప్రాయం. తెలుగులో ఇస్మాయిల్ వంటి కవులు హైకూలు రాసినా, ఇక్కడికి ఎక్కువగా చేరింది ఆ రూపమే. దాని వెనుక ఉన్న ఋతుపదాల (ఋతువును సూచించే మాటల) ఏర్పాటు కాదు.

హొక్కును స్వతంత్ర కవితగా నిలబెట్టి, హైకూ అన్న పేరును స్థిరపరచినవాడు మసావోకా షికి (1867–1902). చూసింది చూసినట్టు చిత్రించాలన్నది ఆయన మాట. ఆయన శిష్యుల్లో తకహామా క్యోషి ఋతుపదాన్ని గట్టిగా పట్టుకోగా, కవహిగషి హెకిగొతో కొత్త దారులు వెతికాడు. ఆ మార్పుల కొనసాగింపుగా ఋతుపదమూ మాత్రల లెక్కా లేని సంతోకా అనే కవి పద్యాలు వచ్చాయి.

ఇంతకంటే పెద్ద కుదుపు సాహిత్యం వల్ల రాలేదు. 1873 జనవరి 1 నుంచి ప్రభుత్వం పాత చాంద్రమాన పంచాంగాన్ని వదిలి గ్రెగోరియన్ క్యాలెండర్‌ను అమలు చేయడంతో తేదీలూ ఋతువులూ విడిపోయాయి. వసంతారంభంతో కలిసి ఉండే నూతన సంవత్సరం నడి చలికాలంలోకి వెళ్లడంతో, సైజికి అనే ఋతుపద నిఘంటువుల్లో నాలుగు ఋతువులకు తోడు నూతన సంవత్సరం అయిదో విభాగమైంది. ఏడో నెల ఏడో రోజున జరిగే తనబతా పండుగ సంప్రదాయ లెక్కలో శరత్తు మొదట్లోది. జూలై 7కు మారాక చాలా ప్రాంతాల్లో అది వానల మధ్య పడుతోంది. సెందాయ్ నగరం ఆ పండుగను ఆగస్టులో జరుపుకుంటుంది. సంప్రదాయ సైజికి మాత్రం దాన్ని ఇప్పటికీ శరత్తు కిందే చూపుతుంది.