వైజాగ్ వెళ్తే ఇసుకే కాదు, ఆ రాయినీ చూడండి

హైదరాబాద్ నుంచి వైజాగ్ వెళ్లొచ్చిన ఎవరి ఫోన్ తీసి చూసినా దాదాపు అవే ఫొటోలుంటాయి. ఆర్కే బీచ్, సబ్‌మెరైన్, కైలాసగిరి మీద శివపార్వతులు, రుషికొండ ఇసుక. లాంగ్ వీకెండ్ వస్తోందంటే చాలు, మన ఆఫీసుల్లో ముందు వినపడే పేరు వైజాగే. అయినా హార్బర్ పక్కన సముద్రంలోకి పొడుచుకొచ్చిన డాల్ఫిన్ నోస్ గురించి మాత్రం "అదిగో ఆ కొండ, పైన లైట్‌హౌస్ ఉంటుంది" అని చెప్పి వదిలేస్తారు. నాకు వైజాగ్‌లో అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఆ కొండే. అది లేకపోతే అక్కడ అలాంటి హార్బర్ ఉండేది కాదు, బీచ్‌లు ఇప్పుడున్నట్టు ఉండేవి కావు, ఆ రాళ్లనే ఇల్లు చేసుకున్న ప్రాణులకు చోటూ ఉండేది కాదు.

రాళ్లు మనకు కొత్త కాదు. ఖాజాగూడలోనో గోల్కొండ చుట్టుపక్కలో కనిపించే గుండ్రటి బండలు గ్రానైట్, వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు, భూమి లోపల కరిగిన రాయి నెమ్మదిగా చల్లారితే ఏర్పడినవి. డాల్ఫిన్ నోస్ కొసగా ఉన్న యారాడ కొండది వేరే కథ. అక్కడ ఎక్కువగా కనిపించే రాయి పేరు ఖోండలైట్. ఇది మొదట ఒకప్పటి నీటి అడుగున పేరుకున్న బురద, ఇసుక. తర్వాత భూమి లోపలికి చాలా లోతుకు కూరుకుపోయి, సుమారు 100 కోట్ల ఏళ్ల కింద 900 డిగ్రీలు దాటిన వేడిలో, పైనున్న రాయి బరువు కింద ఉడికి, పూర్తిగా కొత్త ఖనిజాలుగా మారిపోయింది. ఎర్రటి గార్నెట్, సూదుల్లాంటి సిల్లిమనైట్, అక్కడక్కడా నల్లటి గ్రాఫైట్ రేకులు. అప్పట్లో ఈ తూర్పు కనుమలకు ఆనుకుని బంగాళాఖాతం లేదు, అంటార్కిటికా ఉంది. ఆ రెండూ విడిపోవడం మొదలై సుమారు 13 కోట్ల ఏళ్లయింది. ఈ రాయికి చుట్టాలు ఇప్పటికీ తూర్పు అంటార్కిటికాలో మంచు కింద ఉన్నాయి. యారాడ తీరంలో నిలబడి సముద్రం వైపు చూస్తున్నామంటే, ఒకప్పుడు రెండు ఖండాలు కలిసి ఉన్న గీతకు దగ్గర్లోనే నిలబడి ఉన్నామన్నమాట.

దీన్ని బీచ్ మీదే చూడొచ్చు. భీమిలి రోడ్డు పొడుగునా ఎక్కడైనా అల వెనక్కి వెళ్లాక తడి ఇసుక మీద నల్లటి, వంకాయ రంగు చారలు కనిపిస్తాయి. చాలామంది ఆయిల్ మరకనో, మురికినో అనుకుని దాటుకుంటూ వెళ్తారు. ఒక చిటికెడు అరచేతిలో వేసుకుని ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చూడండి, గులాబీ రంగులో గాజు తునకల్లా మెరిసేవి గార్నెట్‌లు, నల్లగా ఉన్నవాటిలో ఎక్కువ ఇల్మెనైట్ అనే ఇనుము, టైటానియం ఉన్న ఖనిజం. మామూలు ఇసుక గింజ నీటి కంటే రెండున్నర రెట్లకు కాస్త ఎక్కువ బరువుంటే, గార్నెట్ నాలుగు రెట్ల బరువు. పైకొచ్చిన అల అన్నిటినీ మోసుకొస్తుంది, వెనక్కి పోయేటప్పుడు బలం తగ్గి తేలికపాటి గింజల్నే తీసుకుపోతుంది, బరువైనవి అక్కడే చారలుగా మిగిలిపోతాయి. కొండ అరిగిపోయి ఇసుకగా మారడమంటే ఏమిటో ఇంతకంటే దగ్గరగా ఇంకెక్కడా కనిపించదు.

మరి అరిగిపోయే కొండ సముద్రంలోకి అంత ముందుకు ఎలా నిలిచింది? తూర్పు కనుమలు మొత్తంగా తీరానికి సమాంతరంగా వెళ్తాయని స్కూల్లో చదువుకున్నాం, కానీ వైజాగ్ దగ్గర కొండల వరుసలు తీరం వైపు తిరిగి సముద్రానికి అడ్డంగా వచ్చి ఆగుతాయి. ఉత్తరాన సింహాచలం, కైలాసగిరి వరుస. దక్షిణాన యారాడ వరుస. మధ్యలో పల్లం, ఆ పల్లంలోనే ఊరూ, ఒకప్పటి ఉప్పుటేరు, చిత్తడి నేలా. ఆ వరుసల కొసలే సముద్రంలోకి పొడుచుకొచ్చాయి. ఖోండలైట్ మరీ మొండి రాయేమీ కాదు, 13వ శతాబ్దంలో కట్టిన కోణార్క్ గుడిలో ఎక్కువ భాగం దీంతోనే కట్టారు, ఉప్పుగాలికి ఆ శిల్పాలు ఎంత అరిగిపోయాయో వెళ్లి చూసినవాళ్లకు తెలుసు. మధ్యమధ్య ఉన్న గట్టి రాతి పొరల వల్ల కొంత ఆగుతుంది, పగుళ్లున్న చోట సముద్రం లోపలికి దూరుతుంది. తొట్లకొండ కింద మంగమారిపేట తీరంలో సహజంగా ఏర్పడిన రాతి తోరణం ఉంది, అలలు ఇలా రాయిని తొలిచేసే పని ఎలా ఉంటుందో చూడాలంటే అక్కడికి వెళ్లాలి.

ఇక అలల సంగతి. లోతు తగ్గేకొద్దీ అల నెమ్మదిస్తుంది. 10 మీటర్ల లోతులో సెకనుకు సుమారు 10 మీటర్లు వెళ్లే అల, రెండున్నర మీటర్ల లోతుకి వచ్చేసరికి 5 మీటర్లే వెళ్తుంది. కొండ ముక్కు ముందు నీటి అడుగున కూడా రాయే కాబట్టి అక్కడ లోతు తక్కువ. అందుకని వస్తున్న అలలో కొండకు ఎదురుగా ఉన్న భాగం ముందుగా నెమ్మదిస్తుంది, పక్క భాగాలు అదే వేగంతో ముందుకు వస్తాయి. స్కూల్ పరేడ్‌లో వరుస మధ్యలో ఉన్నవాళ్లు నెమ్మదిస్తే రెండు పక్కలా ముందుకెళ్లి వరుస వంగిపోయినట్టు, అల కూడా వంగి కొండను రెండు వైపుల నుంచీ చుట్టుకుంటుంది. ఫలితంగా దెబ్బంతా ముక్కు మీదే పడుతుంది, పక్కనున్న వంపుల్లో అలల బలం పలచబడి ఇసుక నిలుస్తుంది. మూడు వైపులా కొండలున్న యారాడ బీచ్ అందంగా ఉందంటే, ఆ దెబ్బలు పక్కనున్న రాయి తినడం వల్లే.

నైరుతి వైపు నుంచి వచ్చే వర్షాకాలపు అలల్ని డాల్ఫిన్ నోస్ అడ్డుకుంటుంది కాబట్టే దాని నీడలో హార్బర్ కట్టగలిగారు, 1933లో అది మొదలైంది. కానీ దీనికి ఇంకో వైపు కూడా ఉంది, ఇది నాకు చాలా బాధగా అనిపించే విషయం. మన తూర్పు తీరం వెంట ఇసుక ఏడాది మొత్తం మీద లెక్కేస్తే దక్షిణం నుంచి ఉత్తరానికే ఎక్కువ నడుస్తుంది. హార్బర్ కోసం తవ్విన లోతైన దారీ, అలలకు అడ్డంగా వేసిన కట్టలూ ఆ నడకను ఆపేశాయి. దాంతో ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కి రావాల్సిన ఇసుక రావడం తగ్గి తీరం కోసుకుపోతోంది, అందుకే ఓడదారిలో తవ్వి తీసిన ఇసుకను తిరిగి ఆ బీచ్ వైపు పోస్తూ వస్తున్నారు. మనం ఫొటోలు దిగే ఆ ఇసుకలో కొంత డ్రెడ్జర్ తెచ్చి పోసిందే.

ఇంతకీ నేను అన్నిటికంటే ఎక్కువ చెప్పాలనుకున్నది రాళ్ల మీది ప్రాణుల గురించి. వైజాగ్‌లో ఆటుపోట్ల తేడా పెద్ద పోటు రోజుల్లో కూడా మీటరున్నర అటూఇటూ మాత్రమే. గుజరాత్‌లో భావ్‌నగర్ దగ్గర ఇది 10 మీటర్ల దాకా వెళ్తుంది. అంటే ఇక్కడ రోజుకి రెండుసార్లు మునిగి తేలే జీవులన్నీ మనిషి ఎత్తు కూడా లేని ఆ పట్టీలోనే సర్దుకోవాలి, అందుకే అంతస్తులు అంత స్పష్టంగా కనిపిస్తాయి. అన్నిటికంటే పైన, తుంపర మాత్రమే తగిలే చోట, కందిగింజంత నత్తలు పగుళ్లలో గుంపులుగా ఉంటాయి. దాని కింద బార్నకిల్స్, రాయికి అతుక్కున్న తెల్లటి గరుకు బుడిపెలు, చెప్పుల్లేకుండా నడిస్తే కాళ్లు కోసుకుపోయేది వీటివల్లే. చూడటానికి గుల్లలా ఉన్నా ఇది పీతలకీ రొయ్యలకీ బంధువు. పిల్లగా ఈదుకుంటూ వచ్చి, చోటు ఎంచుకుని, తలను రాయికి అతికించుకుని జీవితాంతం అక్కడే ఉండిపోతుంది, నీళ్లొచ్చినప్పుడు పైన తలుపులు తెరిచి ఈకల్లాంటి కాళ్లతో తిండిని లోపలికి లాక్కుంటుంది. నీళ్లు పోగానే లోపల కాస్త తడి దాచుకుని తలుపులు మూసేస్తుంది. మే నెల ఎండలో ఆ రాయి మీద చెయ్యి పెట్టలేం, అది మాత్రం మళ్లీ పోటు వచ్చేదాకా ఓర్చుకుంటుంది.

లింపెట్ అనే గొడుగు ఆకారపు నత్త ఇంకా విడ్డూరం. రాయి మీది పాచిని గీక్కుని తింటుంది, గీకేది రాయిని కాబట్టి దాని పళ్లు కూడా అందుకు తగ్గట్టే ఉంటాయి, వాటిలో గోథైట్ అనే ఇనుప ఖనిజం నారల్లా పేర్చి ఉంటుంది. ఐరోపా జాతి లింపెట్ పళ్లను 2015లో బ్రిటన్ శాస్త్రవేత్తలు పరీక్షించి, సాలీడు దారం కంటే బలమైనవని తేల్చారు.

ఇంకా కిందికి, నీళ్లు ఎప్పుడూ ఉండే గుంటల్లో సీ అర్చిన్‌లుంటాయి. వైజాగ్ రాళ్లలో ఎక్కువగా కనిపించేది నల్లటి ముళ్ల మీద ఊదా, ఆకుపచ్చ మెరుపున్న జాతి. రాతి గుంతలో ఇమిడి, అల ఎంత గట్టిగా కొట్టినా కదలకుండా కూర్చుంటుంది. పక్కనే సముద్రపు నాచు, పూలలా విచ్చుకునే అనెమోన్‌లు, ఖాళీ గుల్లను ఇల్లు చేసుకుని తిరిగే సన్యాసి పీతలు, అదృష్టముంటే చిన్న ఆక్టోపస్. వీటన్నిటి తిండికి మూలం చాలావరకు సముద్రం లోతు నీళ్లే. ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా గాలి తీరం వెంట నైరుతి నుంచి వీస్తుంది, భూమి తిరగడం వల్ల పైనీళ్లు తీరానికి దూరంగా జరిగి, ఆ చోటులోకి కింది చల్లటి, పోషకాలున్న నీళ్లు పైకొస్తాయి. 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఇక్కడ దీన్ని పరిశీలించారు. మన దగ్గర సముద్ర శాస్త్రానికి గట్టి పునాది పడిన చోట్లలో వైజాగ్ ఒకటి.

కొండ పైన తాటి, ఈత, జీడి, ముళ్ల పొదలు. కింద ఇసుక మొదలయ్యే చోట బాలబండ తీగ, రావణాసురుడి మీసాలు అనే గడ్డి. ఇవి రెండూ ఇసుకను పట్టి ఉంచుతాయి, వీటిని పీకి లాన్ వేయడం అందం కోసం చేసే పెద్ద తప్పు. పైన గరుడపక్షులు గాలికి ఎదురుగా తిరుగుతూ ఉంటాయి. చలికాలం చివర్లో ఈ తీరపు ఇసుకలోనే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. డాల్ఫిన్ నోస్‌లో చాలా భాగం నావికాదళం అధీనంలో ఉండటం వల్ల అంతా తిరగడం కుదరదు, నా ఉద్దేశంలో ఆ కాస్త పచ్చదనం మిగలడానికి అదీ ఒక కారణమే.

వెళ్లేవాళ్లకు కొన్ని మాటలు. అమావాస్యకో పౌర్ణమికో దగ్గర రోజుల్లో, నీళ్లు బాగా తగ్గే వేళ చూసుకుని వెళ్లండి, అప్పుడే కింది అంతస్తులు బయటపడతాయి. డిసెంబర్ నుంచి మార్చి దాకా సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది. గ్రిప్ ఉన్న బూట్లు వేసుకోండి, పిల్లల్ని చెయ్యి వదలకండి, సముద్రానికి వీపు పెట్టి సెల్ఫీలు తీసుకోకండి. రాయి కింద చూడాలని తిరగేస్తే చూశాక మళ్లీ అదే వైపుకి పెట్టండి, కింద చీకట్లో బతికేవి ఎండకి చచ్చిపోతాయి. గుల్లలు జేబులో వేసుకోకండి, సన్యాసి పీతకు అవి కావాలి. బయల్దేరే ముందు ఇన్‌కాయిస్ ఇచ్చే అలల హెచ్చరికలు ఒకసారి చూసుకోండి. దేశం మొత్తానికి సునామీ హెచ్చరికలు, ఎత్తైన అలల సమాచారం ఇచ్చే ఆ సంస్థ ఉన్నది మన హైదరాబాద్‌లో ప్రగతినగర్ పక్కనే, యారాడ జాలర్లు పొద్దున్నే పడవ దించాలా వద్దా అన్నదానికి కావాల్సిన లెక్క ఇక్కడి నుంచే వెళ్తుంది.