గడ్డి మీద క్రిస్టీనా

చిరంజీవులకు,

తాతయ్య ఆశీస్సులు. మొన్న మీకు పంపిన పెయింటింగ్ బొమ్మ చూసి చిన్నది అడిగింది: "గులాబీ గౌను అమ్మాయి ఆ గడ్డిలోనే ఎందుకుంది తాతయ్యా? లేచి ఇంటికి వెళ్ళొచ్చుగా?" ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పబుద్ధి కాక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆమె లేవలేదమ్మా. పేరు క్రిస్టీనా ఓల్సన్. అమెరికాలో మెయిన్ రాష్ట్రం, కుషింగ్ అనే ఊరు. జబ్బు చేసి కాళ్ళు పడిపోయాయి. చక్రాల కుర్చీ వద్దంది. ఎక్కడికైనా పాకుతూనే వెళ్ళేది. ఆమె అలా పొలంలో పాకడం ఆండ్రూ వైయత్ అనే చిత్రకారుడు వాళ్ళ ఇంటి కిటికీలోంచి చూశాడు. 1948లో ఈ బొమ్మ వేశాడు. అప్పటికామెకు 55 ఏళ్ళు! బొమ్మ కోసం ఆమె బదులు వైయత్ భార్య బెట్సీ కూర్చుంది గానీ, ఆ సన్నటి చేతులు క్రిస్టీనావే.

ముఖం చూపించి ఉంటే మనం అయ్యో పాపం అనేసి పక్కకు తిరిగేవాళ్ళం. వీపు మాత్రమే కనిపిస్తుంది కాబట్టి ఆమెతోపాటు మనమూ ఆ ఇంటివైపే చూస్తాం, ఎంత దూరమో అనుకుంటాం. నాకీ బొమ్మంటే ప్రాణం అందుకే.

ఆ గడ్డి చూడండి, పోచ పోచా విడిగా వేశాడు. కోడిగుడ్డు పచ్చసొనలో నీళ్ళు, రంగుపొడి కలిపి వేసే టెంపెరా పద్ధతి అది. ఇట్టే ఆరిపోతుంది. అందుకే సన్నటి కుంచెతో గీత మీద గీత పెట్టుకుంటూ పోవాలి. నెలలు పడుతుంది.

వైయత్ చిన్నప్పుడు తరచూ జబ్బుపడేవాడని చదువంతా ఇంట్లోనే. వాళ్ళ నాన్న పుస్తకాలకు బొమ్మలు వేసే పేరున్న చిత్రకారుడు, ఆయనే గురువు. 1945లో ఆయన కారును రైలు గుద్దింది. ఆయనా, చిన్న మనవడూ పోయారు. బతికుండగా నాన్న బొమ్మ వేయలేదే అన్న దిగులు వైయత్‌ను వదల్లేదు. మరుసటి ఏడు, ఆ రైలుపట్టాల దగ్గరి గుట్ట మీంచి ఒక్కడే దిగి పరుగెత్తే కుర్రాడి బొమ్మ వేశాడు. నాన్న అందులో కనిపించడు. ఆ గుట్టే నాన్న.

శీతాకాలం పెన్సిల్వేనియాలో పుట్టిన ఊరు, వేసవిలో మెయిన్. బొమ్మలన్నీ దాదాపు ఆ రెండు చోట్లవే. 2009లో, 91 ఏళ్ళ వయసులో పోయాడు. ఓల్సన్ ఇంటి దగ్గర, క్రిస్టీనా సమాధి ఉన్న చిన్న శ్మశానంలోనే ఆయన్నీ పూడ్చారు.

మీ తాతయ్య