మెట్లదారిలో అడ్రినలిన్

అలిపిరి నుంచి తిరుమలకు సుమారు 3,550 మెట్లు. గాలిగోపురం చేరేలోపే చాలామందికి ఆయాసం మొదలవుతుంది. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవారు నడిచి ఎక్కవద్దని దేవస్థానం చెబుతూనే ఉంటుంది. అయినా మొక్కు మొక్కే. ఒకరు మెట్టు మీద కూర్చుని సాల్బుటమాల్ ఇన్‌హేలర్ పీలుస్తారు. పక్కనున్న పెద్దాయన పొద్దున్నే రక్తపోటుకు అటెనొలాల్ మాత్ర వేసుకుని ఉంటారు. మొదటిది శ్వాసనాళాలను సడలిస్తుంది, రెండోది గుండె వేగాన్ని తగ్గిస్తుంది. ఈ రెండు అణువులకూ మూలం ఒకటే: అడ్రినలిన్.

శ్రమపడేటప్పుడు రక్తంలోకి వచ్చే ఈ హార్మోను పని చేయడానికి కణం లోపలికి వెళ్లనక్కరలేదు. కణపు పొరలో ఇమిడిన గ్రాహకాన్ని పట్టుకుంటే చాలు, వార్తను లోపలికి అదే చేరవేస్తుంది. ఈ గ్రాహకాలు ఆల్ఫా, బీటా అని రెండు రకాలని 1948లో అమెరికన్ ఔషధ శాస్త్రవేత్త రేమండ్ ఆల్క్విస్ట్ ప్రతిపాదించాడు. బీటాలోనూ తేడాలున్నాయని తర్వాత తేలింది: గుండెలో ప్రధానంగా బీటా-1, శ్వాసనాళాల్లో బీటా-2. మందులు రూపొందించేవారికి ఈ తేడాయే పెట్టుబడి.

అడ్రినలిన్‌లో ఒక బెంజీన్ వలయం, దాని మీద పక్కపక్కనే రెండు హైడ్రాక్సిల్ (ఆక్సిజన్-హైడ్రోజన్ జంట) సమూహాలు, ఒక చిన్న తోక ఉంటాయి. తోక చివర నైట్రోజన్‌కు మిథైల్ అనే ఒకే కార్బన్ ఉన్న చిన్న సమూహం అంటుకుని ఉంటుంది. ఆ మిథైల్ స్థానంలో నాలుగు కార్బన్లున్న లావుపాటి బ్యుటైల్ సమూహాన్ని పెడితే అణువు బీటా-2 వైపు మొగ్గుతుంది. ఒక హైడ్రాక్సిల్‌కూ వలయానికీ మధ్య ఒక కార్బన్‌ను దూర్చితే, అడ్రినలిన్‌ను పాడుచేసే ఎంజైముకు ఇది చిక్కదు. నిమిషాల్లో ఆరిపోయే ప్రభావం గంటల తరబడి నిలుస్తుంది. 1960లలో సాల్బుటమాల్ పుట్టింది ఇలాగే.

వలయం వైపు మార్పులు చేస్తే కథ తిరగబడుతుంది. అణువు గ్రాహకంలో కూర్చుంటుంది కానీ దాన్ని మేల్కొలపదు, అడ్రినలిన్‌కు చోటూ ఇవ్వదు. బ్రిటిష్ ఔషధ శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ బృందం తెచ్చిన ప్రొప్రనొలాల్ అలాంటిదే. అది రెండు బీటాలనూ అడ్డుకుంటుంది కనుక ఆస్తమా రోగులకు ప్రమాదకరం. తర్వాత వచ్చిన అటెనొలాల్ బీటా-1 వైపు మొగ్గుతుంది. మొగ్గు మాత్రమే సుమా, మోతాదు పెరిగితే అదీ పలచబడుతుంది.

పాఠ్యపుస్తకాల్లోని తాళం, తాళంచెవి పోలిక ఇక్కడ సగమే నిజం. చెవి దూరగానే తాళం ఆకారమే మారిపోతుంది: బీటా-2 గ్రాహకం పొరను ఏడుసార్లు దాటే ప్రోటీను, అది మేల్కొన్నప్పుడు ఆరోసారి దాటే సర్పిలం (స్ప్రింగులా మెలితిరిగిన భాగం) లోపలి కొస దాదాపు 1.4 నానోమీటర్లు పక్కకు జరుగుతుంది. ఇది స్పష్టంగా కనిపించింది 2011లో. ఇలాంటి గ్రాహకాల మీద పరిశోధనకు మరుసటి ఏడాది లెఫ్కోవిట్జ్, కోబిల్కాలకు నోబెల్ వచ్చింది. పై మందులన్నీ అంతకు ఎన్నో ఏళ్ల ముందే, బొమ్మ చూడకుండానే తయారయ్యాయి!

రూపకల్పన కాగితం మీద కుదిరినా ఫ్లాస్కులో మరో చిక్కు ఉంది. సాల్బుటమాల్‌కు అద్దంలో ప్రతిబింబంలాంటి జంట రూపం ఉంటుంది. మామూలు సంశ్లేషణలో రెండూ సరిసగం వస్తాయి, పనిచేసేది ఒకటే. ఇలాంటి జంటలను విడదీయడానికి చింతపండు పులుపులోని టార్టారిక్ ఆమ్లమో, దాని ఉత్పన్నాలో పనికివస్తాయి. ప్రకృతిలో అది ఒకే రూపంలో దొరుకుతుంది కనుక, జంటలోని ఒక్కొక్కదానితో వేర్వేరు లవణం ఏర్పడి, ఒకటి ముందుగా స్ఫటికమవుతుంది. పనిచేసే రూపాన్ని మాత్రమే లెవోసాల్బుటమాల్ పేరుతో అమ్ముతున్నారు. పాత మిశ్రమం కంటే అది రోగికి నిజంగా మేలైనదా అన్న విషయంలో వైద్యులు ఇంకా ఒక మాట మీదకు రాలేదు.